కొత్త స్టేడియంలు వచ్చాక ఫుట్‌బాల్ అభిమానికి ఏం దక్కింది, ఏం పోయింది?

మీ ప్రశ్నని క్లుప్తంగా నా మాటల్లో పెడతాను, తప్పుంటే సరిదిద్దండి. పదేళ్లుగా టీవీలో ఇంగ్లండ్ మ్యాచ్‌లు చూస్తున్నారు, కొత్త స్టేడియంలు వచ్చాక సందడి చచ్చిపోయిందని అక్కడి పాత అభిమానులు వాపోవడం విన్నారు. మొన్న మొదటిసారి మన బెంగళూరు కంఠీరవకి వెళ్తే ఆటగాళ్లు చీమల్లా కనిపించారు గానీ, వెస్ట్ బ్లాక్ అనే అభిమానుల గుంపు గోలకి ఒళ్లు జలదరించింది. అంత దూరంలో కూర్చున్నా ఆ ఊపు ఎలా వచ్చింది, కొత్త స్టేడియంలు నిజంగా అభిమానులకి మేలు చేశాయా, చలికాలంలో ఆఫీసు పని మీద లండన్ వెళ్తే ఒక్క మ్యాచ్ ఎక్కడ చూడాలి. ఇంతే కదా.

సూటిగా చెప్తాను. ఆట కనబడాలన్నా, చూసి క్షేమంగా ఇంటికి రావాలన్నా కొత్తవే మంచివి, ఇందులో నాకు రెండో మాట లేదు. పోయింది ఒక్కటే, అయితే అది చిన్నదేం కాదు. ఎవరి పక్కన నిలబడి చూడాలో మనమే తేల్చుకునే వీలు పోయింది. సందడి తగ్గింది కాంక్రీటు కొత్తదైనందుకు కాదు, ఈ వీలు పోయినందుకు. కంఠీరవలో మీకు ఒళ్లు జలదరించిందంటే, అక్కడ ఒక మూల ఆ వీలు ఇంకా బతికే ఉంది.

నేనెవరో కూడా చెప్పాలి. సొంతూరు హిందూపురం, ఉండేది బెంగళూరు, పద్దెనిమిదేళ్లుగా స్టేడియం స్టాండ్లు గీసే పని. మెట్టు ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, గేట్లు ఎన్ని, జనం ఎటు నుంచి ఎటు పోవాలి, ఇదే నా బతుకుతెరువు. పైకప్పు సోకులు వేరేవాళ్లు చూసుకుంటారు. అందుకే నా జవాబులో కొంచెం లెక్కలు దొర్లుతాయి, ఓపిక పట్టండి.

ముందు పాత గ్యాలరీ గురించి. మా పెదనాన్న కుర్రతనం హైదరాబాద్‌లో గడిచింది. అప్పట్లో హైదరాబాద్ పోలీస్ టీమ్ అంటే దేశమంతా హడల్, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టిన జట్టు అది, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1962 ఆసియా క్రీడల్లో మనకి బంగారు పతకం తెచ్చిన జట్టుకీ ఆయనే కోచ్. పెదనాన్న ఫతే మైదాన్‌లో మ్యాచ్‌లు చూసిన కథలు మాకు వంద సార్లు చెప్పి ఉంటాడు. ఇప్పుడు తలచుకుంటే ఒకటి తోస్తుంది, ఆ కథల్లో గోల్స్ తక్కువ, పక్కన కూర్చున్నవాళ్లు ఎక్కువ. ఫలానా సైకిల్ షాపు ఆయన, ఫలానా బిర్యానీ హోటల్ ఆయన తమ్ముడు, రిఫరీని ఉర్దూలో ఒకడు తిడితే అందరూ ఎలా నవ్వారు, ఇలా. మెట్టు మీద పేపరు పరుచుకుని, పల్లీల పొట్లం పంచుకుని, ఆ పూట తెలిసిన మొహం ఎక్కడ కనిపిస్తే అక్కడికి జరిగి కూర్చోవడమే. సీటు నెంబరు అనేదే లేదు.

ఇది వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ నా పని ఇదే కాబట్టి ముచ్చట దగ్గర ఆగలేను. అలాంటి పాత స్టాండ్లలో ఎంతమంది చనిపోయారో చూడండి. 1971 జనవరి 2న గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో బయటికి పోయే మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి 66 మంది. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండు కింద ఏళ్లుగా పేరుకున్న చెత్త అంటుకుని 56 మంది. మనదేశంలో 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌లో 16 మంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో, తర్వాతెప్పుడో చనిపోయిన వాళ్లతో కలిపి, 97 మంది.

బ్రాడ్‌ఫర్డ్, హిల్స్‌బరో రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. బ్రాడ్‌ఫర్డ్‌లో వెనక గేట్లు మూసి ఉన్నాయి, అటు పరిగెత్తినవాళ్లు ఇరుక్కుపోయారు. ముందువైపు పిచ్‌కి ఇనుప కంచె లేదు కాబట్టి అటు దూకినవాళ్లు బతికారు. నాలుగేళ్ల తర్వాత హిల్స్‌బరోలో ఆ కంచే ఉంది. నిలబడి చూసే స్టాండుని కంచెలతో గదుల్లా విడగొట్టారు, బయట నుంచి వచ్చిన జనమంతా మధ్య గదుల్లోకే పోయారు, పక్క గదుల్లో చోటుంది గానీ అటు మళ్లించేవాడు లేడు. తొక్కిసలాట అనగానే మనం కాళ్ల కింద నలిగిపోవడం అనుకుంటాం, చాలాసార్లు జరిగేది అది కాదు. నిలబడ్డచోటే, ఛాతీ కదలక, ఊపిరాడక పోతారు. చదరపు మీటరుకి ఆరేడుగురు దాటారంటే ఇక మనిషి తన ఇష్టప్రకారం కదలలేడు, జనమంతా నీళ్లలా ఊగుతుంది.

హిల్స్‌బరో తర్వాత జడ్జి టేలర్ 1990లో ఇచ్చిన నివేదికతో ఇంగ్లండ్‌లో పై రెండు డివిజన్లలో నిలబడే స్టాండ్లు తీసేశారు. 1994 ఆగస్టు కల్లా అందరికీ సీట్లే. మీరు టీవీలో చూసే ఇంగ్లండ్ ఆ తర్వాతిది.

"ఇవన్నీ పాత సంగతులు" అనుకోకండి. 2022 అక్టోబర్ 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు బాష్పవాయువు వదిలితే గేట్ల దగ్గర తొక్కిసలాటలో 135 మంది పోయారు. 2025 జూన్ 4న మన చిన్నస్వామి స్టేడియం బయట, అది క్రికెట్టే అనుకోండి, 11 మంది పోయారు. కంఠీరవ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ వారమంతా నా ఫోన్ మోగుతూనే ఉంది, "లోపల సీట్లున్నాయిగా, మరెలా జరిగింది" అని. సీట్లు లోపల. జనం బయట. స్టేడియం అంటే సీట్లు మాత్రమే కాదు, గేటూ, గేటు బయట రోడ్డూ కూడా. ఈ పనిలో అందరూ దగ్గర పెట్టుకునే బ్రిటిష్ గైడ్ ఒకటుంది, గ్రీన్ గైడ్ అంటాం. ఒక గేటు నుంచి గంటకి 660 మంది కంటే ఎక్కువ లోపలికి రారని లెక్క వేసుకోమంటుంది. 25,000 మంది గంటలో లోపలికి రావాలంటే 38 గేట్లు కావాలి. మన దగ్గర ఒంటి తనిఖీ, బ్యాగ్ తనిఖీ, నీళ్ల సీసా లాక్కోవడం కూడా ఉంటాయి కాబట్టి నేను ఆ 660ని సగం చేసుకుని గీస్తాను. "ఇన్ని గేట్లెందుకండీ" అని క్లయింట్లు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి.

ఇప్పుడు మీ చీమల సంగతి. అది మీ కళ్ల తప్పు కాదు, పరుగుల ట్రాక్ తప్పు. లెక్క సులువు. ప్రమాణం ప్రకారం వేసిన 400 మీటర్ల ట్రాక్ లోపలి అంచు నుంచి అంచుకి పొడవు 157 మీటర్ల పైచిలుకు. ఫుట్‌బాల్ పిచ్ 105 మీటర్లు. అంటే గోల్ లైన్ నుంచి ట్రాక్ మొదలయ్యేదాకానే 26 మీటర్లు. ఎనిమిది లేన్లు, ఒక్కోటి 1.22 మీటర్లు, కలిపితే 36. అక్కడ మొదటి వరస పెట్టినా, ఇరవయ్యో వరసలో కూర్చున్నవాడికి దగ్గరి గోలే 50 మీటర్లు దాటుతుంది, అవతలి గోల్ 150 మీటర్ల పైన. అంత దూరంలో బంతి, చేయి చాచి పట్టుకున్న ఆవగింజంత. పక్క స్టాండ్లలో ఇంత అన్యాయం లేదు, అక్కడ ట్రాక్ వల్ల పోయేది పన్నెండు మీటర్లు చిల్లర. కాబట్టి ట్రాక్ ఉన్న స్టేడియంలో గోల్ వెనక టికెట్ చవకగా వస్తోందని కొనకండి. పాటలు పాడేవాళ్ల దగ్గర కూర్చోడానికైతే సరే.

2018 మార్చి 17, ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, బెంగళూరు, చెన్నయిన్ జట్లు, కంఠీరవలోనే. నేను గోల్ వెనకే ఉన్నాను, అవతలి గోల్ దగ్గర చెన్నై వాళ్లకి కార్నర్ వచ్చింది, ఎవరో లేచారు, వల కదిలింది. ఎవరు కొట్టారో మా వరసలో ఒక్కడికీ తెలియలేదు. ఇంట్లో టీవీ ముందున్న మా తమ్ముడు వాట్సాప్‌లో పెట్టాడు, మైల్సన్ అట అని. కాసేపటికి మళ్లీ అదే కార్నర్, అదే మైల్సన్, మళ్లీ తమ్ముడి మెసేజే. మనం 2-3తో ఓడాం. టికెట్ కొనుక్కుని స్టేడియంలో కూర్చుని గోల్ కొట్టినవాడి పేరు హిందూపురం నుంచి తెలుసుకోవాల్సిన ఖర్మ, ఇప్పటికీ ఇంట్లో ఎగతాళే. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. కంఠీరవ 1997 జాతీయ క్రీడల కోసం కట్టింది. ఆ ట్రాక్ పరిగెత్తేవాళ్ల సొత్తు, ఫుట్‌బాల్ అక్కడికి అద్దెకి వచ్చినట్టు వచ్చింది. ట్రాక్ తీసేయమనే ఫ్యాన్స్‌తో నేను ఏకీభవించను. మన ఊళ్లో ఫుట్‌బాల్‌కి మాత్రమే పెద్ద స్టేడియం వేరే కట్టాలి, అంతే.

ఫుట్‌బాల్ కోసమే కట్టిన కొత్త స్టేడియంలో మొదటి వరస ఐదు నుంచి ఎనిమిది మీటర్ల దూరంలో ఉంటుంది. పైగా ప్రతి వరసకీ ఒక కొలత చూస్తాం, సీ వాల్యూ అంటాం. మీ కంటి నుంచి దగ్గరి టచ్‌లైన్‌కి, అంటే పిచ్ పక్క గీతకి, ఒక గీత గీస్తే, అది మీ ముందు కూర్చున్న మనిషి కంటికి ఎన్ని మిల్లీమీటర్లు పైనుంచి పోతుందనేది లెక్క. 60 అయితే సర్దుకోవచ్చు, 90 బావుంటుంది, 120 ఉంటే ముందువాడు టోపీ పెట్టుకున్నా ఫరవాలేదు. పాత స్టాండ్లలో ఈ లెక్క లేదు, పైగా ఇనుప స్తంభాలు అడ్డం. కాబట్టి కొత్తవాటిలో ఆట కనబడుతుంది, బాగా కనబడుతుంది.

అయితే ఈ లెక్కంతా అందరూ కూర్చుంటేనే. ముందువాడు లేస్తే వెనకవాడు లేవాలి, అలా చివరి వరస దాకా. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ల గతేమిటి? అందుకే వాళ్ల చోటుని ముందు వరస కంటే బాగా ఎత్తులో పెడతాం, ముందువాళ్లు నిలబడ్డా పైనుంచి కనబడేలా. పాత స్టేడియంలలో వాళ్లని పిచ్ పక్కన వానలో కూర్చోబెట్టేవారు, లేదా రావద్దనేవారు. కొత్త స్టేడియంలని తిట్టేవాళ్లు ఈ సంగతి ఎప్పుడూ ఎత్తరు. ఆడవాళ్ల సంగతీ అంతే. మా ఆవిడ నాతో కంఠీరవకి వస్తుంది గానీ, వేరే ఊళ్లో ఒక పాత గ్రౌండ్‌కి ఒకసారి వచ్చి ఇక రానంది. కారణం ఆట కాదు, బాత్రూమ్. మూడు వేల మందికి ఆడవాళ్ల టాయిలెట్లు రెండు, ఒకదానికి తాళం.

సరే, ఇంత మేలు జరిగాక పోయిందేమిటి? సీటు నెంబరు. నవ్వకండి. నిలబడే స్టాండులో కుర్రాడు పదహారేళ్లప్పుడు వాళ్ల బావతో వస్తాడు, గట్టిగా పాడేవాళ్లు వెనక మధ్యలో ఉంటారని తెలుసుకుంటాడు, వారం వారం కొంచెం కొంచెం అటు జరుగుతాడు, రెండేళ్లకి వాడూ ఆ గుంపులో ఒకడు. వయసు మీద పడితే మెల్లగా పక్కకి జరుగుతాడు. సీటు నెంబరు వచ్చాక ఆ జరగడం ఆగిపోయింది. మీరు ఆన్‌లైన్‌లో కొంటారు, ఆ వరసలో ఖాళీ ఏదుంటే అది, పక్కన ఎవరొస్తారో మీకూ తెలియదు, వాళ్లకీ తెలియదు. పరాయివాళ్ల మధ్య మొదట గొంతు ఎత్తడానికి ఎవడికైనా సిగ్గే.

ఆర్సెనల్ 2006లో ఇళ్ల మధ్య ఉన్న 38,000 సీట్ల హైబరీ వదిలి 60,000 సీట్ల ఎమిరేట్స్‌కి మారింది. చూపు, కుర్చీ, కాళ్లు పెట్టుకునే చోటు, అన్నీ మెరుగే. కానీ ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్నవాళ్లు కొత్త చోట చెల్లాచెదురయ్యారు. ఎమిరేట్స్ మధ్య అంతస్తులో ఖరీదైన క్లబ్ సీట్లే దాదాపు 7,000, బాక్సులు (డబ్బున్నవాళ్ల ప్రత్యేక గదులు) వేరే. ఇలాంటి అంతస్తు మధ్యలో దూరితే పై స్టాండు ఇంకా పైకీ, ఇంకా వెనక్కీ పోతుంది. మామూలు టికెట్‌వాళ్లు ఎక్కేది ఆ పైకే. వెస్ట్ హామ్ కథ ఇంకా ఘోరం. 1904 నుంచి ఉన్న అప్టన్ పార్క్ వదిలి 2016లో ఒలింపిక్ స్టేడియానికి పోయారు. మళ్లీ ట్రాక్, మళ్లీ దూరం, మనకి తెలిసిన బాధే. 2018 మార్చిలో బర్న్‌లీతో ఓడుతుంటే అభిమానులు పిచ్ మీదికి వచ్చి మరీ కోపం చూపించారు.

ధర సంగతి. టేలర్ నివేదికలో ఒక మాట ఉంది, జనం మర్చిపోయారు. సీట్లు పెట్టినంత మాత్రాన టికెట్ ధర ఎక్కడికో పోనక్కర్లేదని, ఐబ్రాక్స్‌లో సీటు ఆరు పౌండ్లు, నిలబడే చోటు నాలుగు పౌండ్లు ఉందని ఉదాహరణ కూడా ఇచ్చాడు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ కొత్త స్టాండులో టికెట్ 77 పౌండ్లు చేస్తామంటే, సండర్లండ్‌తో మ్యాచ్‌లో సరిగ్గా 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న జట్టు 2-2తో ముగించింది. యజమానులు కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆ తర్వాతి సీజన్ నుంచి ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి అభిమానులకి టికెట్ 30 పౌండ్లు మించకూడదని పెట్టారు. ఏ స్టేడియంలోనైనా బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ల మూలే గట్టిగా ఎందుకు వినబడుతుందో ఇప్పుడు మీకే తడుతుంది. ధర తక్కువ, అందరూ ఒకేచోట, అందరూ నిలబడే ఉంటారు.

మరి దీనికి మందు లేదా అంటే ఉంది, జర్మనీ వాళ్లు మొదటి నుంచీ వాడుతున్నారు. డార్ట్‌మండ్ దక్షిణ స్టాండులో సుమారు 25,000 మంది నిలబడే చూస్తారు, పసుపు గోడ అంటారు, టీవీలో మీరు చూసే ఉంటారు. జర్మనీ లీగ్ మ్యాచ్‌లకి అక్కడ 81,365 మంది పడతారు, అంతర్జాతీయ మ్యాచ్‌కి సీట్లు బిగిస్తే సుమారు 66,000. నిలబడటం అంటే హిల్స్‌బరో అని భయపడక్కర్లేదు, తేడా రైలింగ్‌లో ఉంది. ప్రతి వరసకీ నడుము ఎత్తు రైలింగ్ ఉంటే వెనక నుంచి తోపు ముందుకి పాకదు, ఒక్క వరసలోనే ఆగిపోతుంది. ఇంగ్లండ్ కూడా 2022 జనవరిలో ఐదు క్లబ్బుల్లో ఇలాంటి స్టాండ్లు పరీక్షించి, ఆ సీజన్ తర్వాత మిగతావాళ్లకీ తలుపు తెరిచింది. ఆ ఐదింటిలో లండన్ క్లబ్ టాటెన్‌హామ్ ఒకటి. 2019లో తెరిచిన వాళ్ల స్టేడియంలో గోల్ వెనక ఒకే వాలుగా 17,500 సీట్ల స్టాండు పెట్టారు, మధ్యలో బాక్సులు లేవు, వాలు నిబంధనలు ఒప్పుకునే గరిష్ఠానికి దగ్గర. బీరు గ్లాసు అడుగు నుంచి నింపే యంత్రాలూ, నోటు తీసుకోని కౌంటర్లూ కూడా ఉన్నాయి, వాటి గురించే అందరూ వీడియోలు తీస్తారు. నాకైతే ఆ ఒక్క స్టాండు చాలు. కొత్తది కట్టినా గోల వచ్చేలా కట్టొచ్చని నా క్లయింట్లకి చూపించేది దాన్నే.

ఇప్పుడు కంఠీరవకి వద్దాం. బెంగళూరు జట్టు 2013లో పుట్టినప్పుడు ఆడింది అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో, చిన్నది. అక్కడి వెస్ట్ బ్లాక్ స్టాండులో చేరిన కుర్రాళ్లే వెస్ట్ బ్లాక్ బ్లూస్, పేరు అక్కడిదే. మొదటి సీజన్‌లోనే ఐ-లీగ్, అంటే అప్పటి దేశవాళీ పెద్ద లీగ్, గెలిచారు. తర్వాత పెద్ద స్టేడియానికి మారినా ఆ గుంపు విడిపోలేదు, కలిసే కొంటారు, కలిసే నిలబడతారు, డప్పు ఎవడిదో అందరికీ తెలుసు. చెన్నైలో బీ స్టాండ్ బ్లూస్, సూపర్‌మచాన్స్ కూడా ఇలా ఒకచోట చేరినవాళ్లే. నేను చెప్తున్న "పక్కవాడిని ఎంచుకునే వీలు" అంటే ఇదే. ట్రాక్ వల్ల మీకు బంతి కనబడలేదు, కానీ ఆ మూడు నాలుగు వందల మంది ఒకరికొకరు తెలుసు కాబట్టి వాళ్ల గొంతు ట్రాక్ దాటి మీదాకా వచ్చింది.

ఇంకో రుజువు. మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ 2018 జూన్‌లో "తిట్టడానికైనా సరే, స్టేడియానికి రండి" అన్నట్టు ఒక వీడియో పెట్టాడు, గుర్తుందా. ఆ వీడియోకి ముందు, జూన్ 1న ముంబైలో చైనీస్ తైపీతో మ్యాచ్‌కి వచ్చింది 2,569 మంది. మనవాళ్లు 5-0తో గెలిచారు, అతనివే మూడు గోల్స్. మూడు రోజులకి అదే స్టేడియంలో కెన్యా మ్యాచ్, టికెట్లన్నీ అయిపోయాయి. ఈ మూడు రోజుల్లో ఎవరూ కొత్త కుర్చీ ఒక్కటి కూడా బిగించలేదు.

ఖతర్ గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. వరల్డ్ కప్‌కి ముందు రెండేళ్లు దోహాలో పనిచేశాను. సైట్లలో నిజామాబాద్, జగిత్యాల వాళ్లు ఎంతమంది కలిశారో, భోజనాల దగ్గర తెలుగే వినబడేది. సీటు కింద నుంచి చల్లగాలి వచ్చే స్టాండ్లు, కంటైనర్లతో కట్టి విప్పి వేరేచోట బిగించుకోగలిగే స్టేడియం 974, ఇంజనీరుగా నేను నోరెళ్లబెట్టి చూశాను. అక్కడ నివాసం ఉన్నవాళ్లకి మాత్రమే 40 రియాల్స్ టికెట్ ఒకటి పెట్టారు. దాంతో మా సైట్లో కమ్మీలు కట్టిన జగిత్యాల కుర్రాడొకడు మ్యాచ్‌కి వెళ్లి నాకు ఫోటో పంపాడు, "అన్నా, ఈ మెట్టు మనదే" అని. ఆ ఫోటో నా దగ్గర ఇంకా ఉంది. కానీ అడిగితే వాడన్నదీ అదే, "బానే ఉంది గానీ అన్నా, పక్కనోడు మొత్తం ఫోన్‌లోనే ఉన్నాడు."

ఫోన్ల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. టికెట్ ఫోన్‌లో ఉంటే పోగొట్టుకోం, నిజమే. కానీ ఒక ఊళ్లో గేటు దగ్గర నెట్‌వర్క్ చచ్చి క్యూఆర్ కోడ్ తెరుచుకోక వందల మందితో పాటు నేనూ ఇరవై నిమిషాల ఆట పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి ఇంట్లోనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను, పని చేసే చోట పని చేస్తుంది. వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ నిర్ణయాలు సరిచూసే పద్ధతి, వచ్చాక ఇంకో వింత. గోల్ పడితే ముందు అరవాలా, ఆగాలా తెలియదు, టీవీలో చూసేవాడికి గీతలు గీసి చూపిస్తారు, స్టేడియంలో ఉన్నవాడు బిక్కమొహం వేసుకుని రిఫరీ చెవి వంక చూస్తూ నిలబడాలి.

ఇక లండన్. ఒక్కటే మ్యాచ్ అంటే నా సలహా ఫుల్హమ్ వాళ్ల క్రావెన్ కాటేజ్. పెద్ద పేరు కాదని తీసిపారేయకండి. థేమ్స్ నది ఒడ్డున, ఒకవైపు 1905లో కట్టిన జానీ హేన్స్ స్టాండు, అప్పటి చెక్క కుర్చీలు ఇప్పటికీ ఉన్నాయి, స్తంభాలు అడ్డం వస్తాయి, మోకాళ్లు ముందువాడి వీపుకి తగులుతాయి. ఎదురుగా నదివైపు కొత్త రివర్‌సైడ్ స్టాండు, హోటల్ లాంటి హంగులు. మీరు అడిగిన ప్రశ్న రెండు సగాలూ ఒకే గ్రౌండ్‌లో ఎదురెదురుగా కనబడతాయి. పాత స్టాండులో టికెట్ తీసుకోండి, కొత్తది చూడ్డానికీ అదే మంచి చోటు. పుట్నీ బ్రిడ్జ్ స్టేషన్‌లో దిగి బిషప్స్ పార్క్ గుండా నడవండి, జనం ఎటు పోతే అటు.

ఇంకో సాయంత్రం మిగిలితే దక్షిణ లండన్‌లో డల్విచ్ హామ్లెట్ లాంటి చిన్న క్లబ్ మ్యాచ్‌కి వెళ్లండి. పెద్ద లీగుల్లో పిచ్ కనబడేచోట మందు తాగకూడదని 1985 నుంచి చట్టం ఉంది, అంత కింది స్థాయికి అది వర్తించదు. గ్లాసు పట్టుకుని, రైలింగ్‌కి ఆనుకుని, మీకు నచ్చిన గుంపు పక్కకి జరిగి చూడొచ్చు. మా పెదనాన్న ఫతే మైదాన్ ఎలా ఉండేదో నాకు కాస్త అర్థమైంది అలాంటి ఒక గ్రౌండ్‌లోనే, పల్లీలు మాత్రం లేవు.

టికెట్ క్లబ్ సొంత సైట్‌లోనే కొనండి. బయట చేతులు మారిన టికెట్ వద్దు, ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్లు అనుమతి లేకుండా అమ్మడం నేరం, గేటు దగ్గర ఆపేస్తే డబ్బులూ పోతాయి, చలిలో వెనక్కి నడవాలి. ఆఫీసు లాప్‌టాప్ బ్యాగ్‌తో నేరుగా వెళ్లొద్దు, చాలాచోట్ల ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగ్ లోపలికి రానివ్వరు. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం ఏ మ్యాచ్‌లున్నాయో చూసి ఏ బ్లాకులో కూర్చోవాలో చెప్తాను. ఈలోపు కంఠీరవకి మళ్లీ వెళ్తే గోల్ వెనక వద్దు, పక్క స్టాండులో పై వరసలు తీసుకోండి.